పనిలో గాయపడితే రాబడికి పడే గండి: ఆసుపత్రి బిల్లు తీరిన తరువాత మిగిలే లెక్క

జమాఖర్చు (చర్చ ప్రారంభించినవారు)

కార్మిక సంఘాలకు లెక్కలు చూసిపెట్టడం నా వృత్తి కావడం వల్ల, పనిచేసే చోట గాయపడిన వారి ఇళ్ల జమాఖర్చులు కూడా తరచుగా నా ముందుకు వస్తుంటాయి. ప్రమాదం జరిగిందనగానే అందరి చూపూ ఆసుపత్రి బిల్లు మీదికి పోతుంది. దానిని యజమాని కట్టాడో, బీమా కట్టిందో తేలిపోతే గండం గడిచినట్టే అనుకుంటారు. నేను చూసిన పద్దులలో మాత్రం, బిల్లు భారంతో చితికిపోయిన ఇళ్ల కంటే, బిల్లు పూర్తిగా తీరిపోయాక రెండు మూడేళ్లకు అప్పులలో కూరుకుపోయిన ఇళ్లే ఎక్కువగా ఉన్నాయి.

ఇది ఎలా జరుగుతుందో చెప్పడానికి ఒక లెక్క వేస్తాను. ఒక కార్మికుడి చేతికి నెలకు 100 వస్తుందనుకుందాం. అందులో మూలవేతనం 65. మిగిలిన 35 ఓవర్‌టైం, రాత్రి షిఫ్టు భత్యం, హాజరు బోనసు కలిపి వచ్చేది. గాయం వల్ల పనికి రాలేని కాలానికి వేతనంలో 60 శాతం చెల్లించాలని నిబంధన ఉందనుకుందాం. ఆ 60 శాతం దేని మీద అన్న ప్రశ్న అడిగేవారు తక్కువ. మూలవేతనం మీదే లెక్క కడితే అతని చేతికి వచ్చేది 39. ఇంటి అద్దె, అప్పు వాయిదా, పిల్లల ఫీజు అన్నీ 100కు తగ్గట్టు కుదుర్చుకున్నవే గనుక అవి 39కి దిగిరావు. ఆ లోటును మొదటి నెల పొదుపు పూడుస్తుంది, రెండో నెల చేబదులు పూడుస్తుంది, మూడో నెల నుంచి వడ్డీకి తెచ్చిన డబ్బు పూడుస్తుంది. అతను కోలుకుని పనికి తిరిగి వెళ్లే నాటికి ఆ వడ్డీ ఒక కొత్త ఖర్చుగా స్థిరపడి ఉంటుంది. పైగా మునుపటి 100 వస్తుందన్న హామీ కూడా లేదు.

పరిహారపు కాగితాలలో ఎక్కడా కనబడని ఈ నష్టాన్ని అనుభవించినవారు, లేదా వృత్తిరీత్యా చూసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను. సానుభూతి వాక్యాల కంటే లెక్కలు ఎక్కువ ఉపయోగపడతాయి.

లేత్ మనిషి

నేను యంత్ర భాగాలు తయారుచేసే కర్మాగారంలో పనిచేస్తాను. కొన్నేళ్ల క్రితం ప్రెస్ కింద కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పైకణుపుల వరకు పోయాయి. చేతులు లోపలికి పోకుండా ఆపే కాపలా కడ్డీని అడ్డుగా ఉందని తీసి పక్కన పెట్టిన షిఫ్టు అది. ఆ విషయం ఇక్కడ అనవసరం.

చికిత్స ఖర్చు నాకు ఏమీ కాలేదు. వైద్యుల బృందం నా చేతిని పరీక్షించి ఒక శాతం రాసింది, ఆ శాతానికి పట్టికలో ఉన్న పైకం వచ్చింది. కాగితం మీద నా నష్టం అక్కడితో ముగిసింది.

జరిగిన నష్టం వేరు. మైక్రోమీటరు పిడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా తిప్పుతూ, లోహాన్ని తాకీ తాకనట్టు ఉన్న చోట ఆపి, మిల్లీమీటరులో వందో వంతు తేడాను పట్టుకోవడం నా నైపుణ్యం. ఆ స్పర్శ వేలికొనలో ఉండేది. ఇప్పుడు పిడిని తిప్పగలను గాని ఎక్కడ ఆపాలో వేలు చెప్పదు, కాబట్టి ఒక్కో భాగాన్ని రెండు మూడుసార్లు కొలవవలసి వస్తుంది. మాది పీస్ రేటు. గంటకు దిగే భాగాల సంఖ్య తగ్గితే కూలి తగ్గుతుంది. కొన్నాళ్లకు నన్ను స్టోరుకు మార్చారు. అక్కడ పీస్ రేటు లేదు, ఓవర్‌టైం లేదు, నైపుణ్య భత్యం లేదు. నాతో పాటు చేరినవారు ఇప్పుడు నాకంటే రెండు మెట్లు పైన ఉన్నారు. నాకు నెలనెలా ఎంత తగ్గుతున్నదో నేను చెప్పగలను, కాని ఆ తేడాను ఏ పట్టికలో వెతకాలో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

మరో సంగతి కూడా రాయాలి. ప్రమాదం జరిగిన రోజును హాజరు పట్టీలో సెలవుగా రాశారు. దానిని సరిచేయించడానికి సహోద్యోగులు సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. వారు చెప్పకపోయి ఉంటే పట్టిక దాకా వెళ్లే అవకాశమే నాకు ఉండేది కాదు.

అంకెలు చదివేవాడు

లేత్ మనిషి గారు చెప్పినది ఒక్కరి దురదృష్టం కాదని చూపే అధ్యయనాలు ఉన్నాయి. అమెరికా కార్మిక శాఖలోని వృత్తి భద్రతా సంస్థ ‘ఓషా’ 2015లో ఒక నివేదిక ప్రచురించింది. పని గాయాలు, వృత్తి వ్యాధుల వల్ల అయ్యే మొత్తం వ్యయంలో కార్మిక పరిహార వ్యవస్థ భరించేది 21 శాతమేనని, కార్మికులూ వారి కుటుంబాలూ తమ చేతి నుంచి పెట్టుకునేది దాదాపు 50 శాతమని అందులో ఉంది. మిగిలినది ప్రైవేటు ఆరోగ్య బీమా మీద, ప్రభుత్వాల మీద పడుతుంది. అంటే గాయానికి కారణమైన చోటు చెల్లించేది సుమారు ఐదో వంతు. పరిహారం అందుకున్నవారి ఆదాయం కూడా గాయపడిన తరువాతి పదేళ్లలో సగటున 15 శాతం తగ్గిందని అదే నివేదిక పేర్కొంది. కార్మిక పరిహార చట్టాలు వందేళ్లకు పైగా అమలులో ఉన్న దేశంలోనే పరిస్థితి ఇది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో వెలువరించిన అంచనా ప్రకారం, ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 30 లక్షల మంది పని ప్రమాదాలు, వృత్తి వ్యాధుల వల్ల మరణిస్తున్నారు. మరణానికి దారితీయని గాయాలు దాదాపు 39.5 కోట్లు. ఈ రెండో అంకెను తేలికగా తీసుకోకూడదని నా అభిప్రాయం. మరణం సంభవిస్తే కనీసం వార్తవుతుంది, విచారణ జరుగుతుంది. నడుము పట్టేసి నెల రోజులు మంచాన పడినవాడి నష్టం ఎక్కడా నమోదు కాకుండానే అతని ఇంటి అప్పులో కలిసిపోతుంది.

ఇక సగటుల గురించి ఒక హెచ్చరిక. 15 శాతం అన్నది, వారంలో కోలుకుని పనికి వెళ్లినవారినీ, మళ్లీ పని ముఖం చూడనివారినీ కలిపి తీసినది. నష్టం అందరికీ సమానంగా పంచబడదు. అది కొద్దిమంది మీద కుప్పగా పడుతుంది.

షిఫ్టు ఇన్‌చార్జి

ఇంతవరకు ఒకే వైపు నుంచి రాశారు కాబట్టి రెండో వైపు చెప్పే బాధ్యత నాకు పడింది. నేను యజమానిని కాను, జీతం తీసుకునే ఉద్యోగినే.

పరిహారం పూర్తి వేతనానికి సమానంగా ఎందుకు ఉండదంటే, పనికి వచ్చినా రాకపోయినా ఒకే మొత్తం చేతికి వస్తే తిరిగి రావడానికి తొందర ఉండదన్న భయం వ్యవస్థను రూపొందించిన వారికి ఉంది. ఆ భయం పూర్తిగా నిరాధారమైనదని నేను అనను. మొదటి కొన్ని రోజులు చెల్లించకపోవడానికి కూడా కారణం ఇదే: చిన్న గీతకు, చిన్న బెణుకుకు దరఖాస్తులు గుట్టలుగా పడితే నిజమైన కేసులు వాటి కింద నలిగిపోతాయి. పది మందితో నడిచే చిన్న కర్మాగారంలో ఒక పెద్ద ప్రమాదం జరిగితే, బీమా లేని పక్షంలో యజమాని దివాలా తీస్తాడు, మిగిలిన తొమ్మిది మందీ వీధిన పడతారు.

అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. బీమా రుసుము ప్రమాదాల సంఖ్యను బట్టి పెరిగే పద్ధతి ఉన్న చోట, ప్రమాదాలను తగ్గించడం ఒక మార్గం, వాటిని నమోదు చేయకపోవడం మరో మార్గం. రెండోది చవక. ‘ప్రమాదరహిత దినాలు’ అని బోర్డు పెట్టి, ఆ సంఖ్య చెడకుండా ఉంటే అందరికీ బోనసు ప్రకటించే చోట, గాయపడినవాడు తోటివారి బోనసు పోగొట్టినవాడవుతాడు. హాజరు పట్టీలో సెలవు అని రాయించేది చాలా సార్లు ఈ ఒత్తిడే.

వకాల్తా

పరిహారం కేసులు నడుపుతుంటాను. ఇన్‌చార్జి గారు చెప్పిన నిరీక్షణ రోజుల సంగతిని కాస్త వెనక్కి వెళ్లి చూడాలి.

1837లో ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ వర్సెస్ ఫౌలర్ అనే కేసు నడిచింది. మాంసం వ్యాపారి దగ్గర పనిచేసే కుర్రవాడు, మోయగలిగిన దాని కంటే ఎక్కువ సరుకు ఎక్కించిన బండి కూలిపోయి తొడ ఎముక విరిగి, యజమాని మీద దావా వేశాడు. జ్యూరీ అతనికి 100 పౌండ్లు ఇప్పించినా పై న్యాయమూర్తులు ఆ తీర్పును నిలబడనివ్వలేదు. ఆ తరువాత దశాబ్దాల పాటు న్యాయస్థానాలు మూడు వాదనలతో కార్మికులను వెనక్కి పంపాయి: ప్రమాదం తోటి కార్మికుడి తప్పు వల్ల జరిగింది, పనిలో చేరినప్పుడే అపాయాన్ని అంగీకరించావు, నీ అజాగ్రత్త కూడా కొంత ఉంది. జర్మనీ 1884లో యజమానుల సొమ్ముతో నడిచే ప్రమాద బీమాను చట్టం చేసి ఈ వాదనలను పక్కకు నెట్టింది. బ్రిటన్ 1897లో, అమెరికా రాష్ట్రాలు 1911 నుంచి వరుసగా అదే దారిలో నడిచాయి. ఇందులో ఒక బేరం ఉంది. తప్పు ఎవరిదని అడగకుండా కార్మికుడికి పరిహారం అందుతుంది. అందుకు బదులుగా యజమాని మీద పూర్తి నష్టానికి దావా వేసే హక్కును అతను వదులుకుంటాడు. కాబట్టి పరిహారం పూర్తి నష్టానికి సమానం కాకపోవడం పొరపాటున జరిగినది కాదు, బేరంలోనే ఉంది.

నిరీక్షణ కాలం కూడా మొదటి నుంచీ ఉంది. బ్రిటన్ 1897 చట్టంలో మొదటి రెండు వారాలకు ఏమీ వచ్చేది కాదు. ఆ తరువాత వచ్చేది సగటు వారపు కూలిలో సగానికి మించేది కాదు, అది కూడా గరిష్ఠంగా వారానికి ఒక పౌండు. జర్మనీలో పూర్తిగా పని చేయలేని స్థితికి వేతనంలో మూడింట రెండు వంతులు ఇచ్చినా, మొదటి 13 వారాల భారాన్ని అనారోగ్య నిధి మీద వేశారు, ఆ నిధి చందాలో మూడింట రెండు వంతులు కట్టేది కార్మికులే. అంటే చిన్న గాయాల ఖర్చును ఎక్కువగా కార్మికుల జేబు నుంచే నడిపించారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1925లో చేసిన 17వ నంబరు ఒప్పందం, ప్రమాదం జరిగిన అయిదో రోజు దాటకముందే చెల్లింపు మొదలు కావాలని నిర్దేశించింది. నేటి చాలా చట్టాలలో కనిపించే మూడు రోజుల నిరీక్షణ ఆ వరుసలోనిదే. పొదుపు కరగడం మొదలయ్యేది సరిగ్గా ఈ మొదటి రోజులలోనే అని జమాఖర్చు గారి లెక్క చూపుతున్నది. గాయం కొన్ని వారాలకు మించి సాగితే మొదటి రోజులకు కూడా వెనక నుంచి చెల్లించే నియమం అమెరికాలోని చాలా రాష్ట్రాలలో ఉంది. ఇన్‌చార్జి గారి భయానికీ కార్మికుడి అవసరానికీ మధ్య అది మేలైన రాజీ అనుకుంటున్నాను.

ఇక లేత్ మనిషి గారి ప్రశ్న. వేలికి ఇంత, చేతికి ఇంత అని అవయవాల వారీగా రాసిన పట్టిక కొలిచేది శరీరంలో ఏం పోయిందన్నదే. సంపాదనలో ఏం పోయిందో అది కొలవదు. చూపుడువేలి కొన పోతే గేటు దగ్గర కూర్చునే కాపలాదారుకూ, సూక్ష్మ భాగాలు కొలిచే కార్మికుడికీ పట్టిక ఒకే శాతం రాస్తుంది. అయితే కొన్ని చట్టాలలో పట్టికలో లేని గాయాలకు సంపాదన శక్తి ఎంత తగ్గిందో నిరూపించే అవకాశం ఉంటుంది. కొన్నింటిలో పట్టికలోని శాతాన్ని కనీసంగా తీసుకుని, వృత్తిని బట్టి అంతకు మించి అడగవచ్చు. అడగాలంటే మూడు రకాల కాగితాలు చేతిలో ఉండాలి: గాయానికి ముందరి ఏడాది జీతపు చీటీలు, గాయం తరువాత మార్చిన పనికి సంబంధించిన ఉత్తర్వు, ఇప్పటి చీటీలు. వైద్యుల శాతం ఒక్కదానినే పట్టుకుని వెళితే పట్టిక దగ్గరే ఆగిపోతారు.

గడప లోపల

నా భర్త భవన నిర్మాణంలో సెంట్రింగ్ పని చేస్తూ పరంజా మీద నుంచి పడి వెన్నెముకకు దెబ్బ తగిలించుకున్నారు. ఇక్కడ అందరూ కార్మికుడి జీతం గురించి రాస్తున్నారు. ఇంట్లో పోయిన రెండో జీతాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

నేను ఒక కార్యాలయంలో టైపింగ్ పని చేసేదాన్ని. ఆయనను రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయని నర్సు చెప్పి పంపించింది. రాత్రి అలారం పెట్టుకుని లేస్తూ, పగలు ఉద్యోగానికి వెళ్లడం కొన్ని వారాలు సాగింది గాని ఆ తరువాత సాగలేదు. మొదట సెలవులు అయిపోయాయి, తరువాత జీతం లేని సెలవులు, తరువాత ఉద్యోగం. ఆయనకు వచ్చే పరిహారం లెక్కలో నా జీతం ఒక్క గీతగానైనా కనిపించలేదు, ఎందుకంటే గాయపడింది నేను కాదు. చక్రాల కుర్చీ పట్టేలా స్నానాల గది తలుపు వెడల్పు చేయించడం, గాలి పరుపు, నెలనెలా మూత్రపు గొట్టాలు, ప్రతి పరీక్షకూ ప్రత్యేకంగా మాట్లాడుకోవలసిన వాహనం, ఇవన్నీ చికిత్స కిందికి రావని చెప్పారు. పెద్దమ్మాయి చదువు ఆపి పనిలో చేరతానంటే, ఒక ఏడాది వాయిదా వేద్దామని మాత్రమే చెప్పగలిగాను.

వకాల్తా గారిని ఒక మాట అడుగుతున్నాను. ఇలా తోడు ఉండవలసిన మనిషి శ్రమకు విలువ కట్టే నిబంధన ఎక్కడైనా ఉందా?

వకాల్తా

ఉందమ్మా. నేను పైన చెప్పిన 1925 నాటి ఒప్పందంలోనే ఏడో అధికరణం, గాయపడిన వ్యక్తికి మరొకరి సహాయం నిరంతరం అవసరమైతే అదనపు పరిహారం ఇవ్వాలని చెబుతుంది. 1964 నాటి 121వ నంబరు ఒప్పందం కూడా దీనిని కొనసాగించింది. చాలా దేశాల చట్టాలలో ‘సహాయకుల భత్యం’ వంటి పేరుతో ఇది ఉంటుంది గాని, దానికి విడిగా దరఖాస్తు చేయాలి, నిరంతర సహాయం అవసరమని వైద్యుడు ప్రత్యేకంగా రాయాలి. డిశ్చార్జి కాగితంలో ‘ఇంటి వద్ద విశ్రాంతి’ అని ఒక్క ముక్క రాసి పంపితే ఆ భత్యం తలుపు మూసుకుపోతుంది. రెండు గంటలకోసారి తిప్పాలన్న సూచనను వైద్యుడి చేత రాతపూర్వకంగా ఇప్పించుకోండి. ఇంటి మార్పులు, పరికరాల ఖర్చు రసీదులను తేదీల వారీగా ఉంచండి. కృత్రిమ అవయవాలు, అవసరమైన పరికరాలు కూడా పరిహారంలో భాగమేనని అవే ఒప్పందాలు గుర్తించాయి.

రోజుకూలి లెక్క

మీరందరూ జీతపు చీటీల గురించి మాట్లాడుతున్నారు. మాలాంటివారికి చీటీలు ఉండవు. కాంట్రాక్టరు కింద మరో కాంట్రాక్టరు, అతని కింద మేస్త్రీ, ఆ మేస్త్రీ చెప్పిన చోటికి వెళ్లి పనిచేయడం మా పద్ధతి. కాలు విరిగిన రోజున నా యజమాని ఎవరని ఆసుపత్రిలో అడిగితే మేస్త్రీ పేరు తప్ప నాకు మరొకటి తెలియదు. అతను కొంత డబ్బు చేతిలో పెట్టి, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లాడు.

సగటు వేతనం లెక్క కూడా మాకు చెల్లదు. పని ఉన్న రోజులలో వచ్చేది బాగానే ఉంటుంది. ఏడాది మొత్తానికి పంచితే సగమైపోతుంది, పైగా మేము పనిలో చేరి వారమే అయిందని అంటే అదీ ఉండదు. యాప్ ద్వారా సరుకులు చేరవేసే మా తమ్ముడిదీ ఇదే కథ. అతనిని కార్మికుడు కాదు, భాగస్వామి అంటారు. బండి జారి చెయ్యి విరిగితే భాగస్వామ్యం ఆ రోజుతో నిలిచిపోతుంది, బండి మీద అప్పు వాయిదా మాత్రం నిలవదు.

అంకెలు చదివేవాడు

రోజుకూలి లెక్క గారు అడిగినది మొత్తం చర్చలో అతి ముఖ్యమైనదని నేను అనుకుంటున్నాను. పరిహార చట్టాలు ‘యజమాని–కార్మికుడు’ అన్న సంబంధం మీద కట్టినవి గనుక, ఆ సంబంధం మసకబారిన చోట అవి పనిచేయవు. ఈ ముడిని వేరుగా విప్పిన దేశం న్యూజిలాండ్. 1967లో న్యాయమూర్తి ఓవెన్ వుడ్‌హౌస్ అధ్యక్షతన వచ్చిన నివేదిక ఆధారంగా, అక్కడ 1974 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం ఎక్కడ జరిగింది, తప్పు ఎవరిది అన్న ప్రశ్నలతో నిమిత్తం లేని పద్ధతి మొదలైంది. సంపాదిస్తున్న వ్యక్తి గాయపడి పనికి దూరమైతే మొదటి వారం తరువాత అతని రాబడిలో 80 శాతం చెల్లిస్తారు. పనిలో జరిగిన గాయమైతే ఆ మొదటి వారం 80 శాతం యజమాని ఇవ్వాలి. స్వయం ఉపాధివారు కూడా ఇందులోకి వస్తారు. అక్కడ కూడా వృత్తి వ్యాధికీ సాధారణ అనారోగ్యానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న తగాదా తెగలేదు.

యజమాని ఎవరో తేలనప్పుడు ఎంత ఆలస్యమవుతుందో రాణా ప్లాజా చూపింది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఆ భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. కూలిన భవనంలోని దుస్తుల కర్మాగారాలు ఒకరివి, ఆ దుస్తులు అమ్ముకునే కంపెనీలు మరొకరివి. పరిహారం లెక్కను 121వ ఒప్పందం సూత్రాల మీద రూపొందించి, అంతర్జాతీయ కార్మిక సంస్థ మధ్యవర్తిత్వంతో ఒక నిధి ఏర్పాటు చేశారు. అనుకున్న 3 కోట్ల డాలర్లు పూర్తిగా సమకూడినది 2015 జూన్‌లో. ప్రపంచమంతా చూస్తున్న ప్రమాదానికే రెండేళ్లకు పైగా పట్టింది.

చేతి కసరత్తు

నేను ఫిజియోథెరపిస్టును. డబ్బు విషయంలో నాకు అర్హత లేదు గాని, డబ్బు చికిత్సను ఎలా చెడగొడుతుందో ప్రతిరోజూ చూస్తాను.

భుజంలో కండరాన్ని ఎముకకు కలిపే బంధనానికి శస్త్రచికిత్స జరిగినవారికి బరువులు ఎత్తే పని చేయడానికి కొన్ని నెలలు ఆగమని చెబుతాం. చెల్లింపు రావడం ఆలస్యమైతే వారు ఆగరు. నొప్పి మాత్ర వేసుకుని పనికి వెళతారు, కుట్టిన బంధనం మళ్లీ తెగుతుంది. రెండోసారి కుట్టిన భుజం మొదటిసారి కుట్టినంత గట్టిగా నిలవదు. ఆ తెగడాన్ని ‘రోగి సూచనలు పాటించలేదు’ అని ఫైలులో రాస్తారు. బీమా వారికి అది అనుకూలమైన వాక్యం.

దీనికి వ్యతిరేకంగా మరొక తప్పు కూడా జరుగుతుంది. పూర్తిగా నయమయ్యే వరకు ఇంట్లోనే ఉండమని చెప్పడం చాలా గాయాలలో మేలు చేయదు. పనికి దూరమైన కాలం పెరిగేకొద్దీ తిరిగి వెళ్లే అవకాశం తగ్గుతుంది. గాయానికి తగ్గట్టు మార్చిన పనిలో త్వరగా చేర్చుకోవడం మంచి పద్ధతి, కాని ఆ మార్చిన పనికి పాత వేతనం ఉండాలి, ఎంతకాలమన్నది రాసి ఉండాలి. నా దగ్గరికి వచ్చినవారిలో ఒకరిని ‘తేలిక పని’ పేరుతో రోజంతా ఖాళీ గదిలో కుర్చీలో కూర్చోబెట్టారు, ఆయన తానే రాజీనామా చేసే వరకు. జర్మనీ ప్రమాద బీమా సంస్థలు పింఛను కంటే ముందు పునరావాసం అన్న సూత్రం పాటిస్తాయి. పాత పని చేయలేని వ్యక్తికి కొత్త పని నేర్పించే ఖర్చు కూడా అవే భరిస్తాయి. లేత్ మనిషి గారిని స్టోరుకు మార్చడానికి బదులు, కంప్యూటర్‌తో నడిచే యంత్రాల ప్రోగ్రామింగ్ నేర్పించి ఉంటే ఆయన అనుభవం వృథా అయ్యేది కాదు.

జమాఖర్చు

అందరికీ ధన్యవాదాలు. చర్చ ఇంత దూరం వచ్చింది కాబట్టి నా బల్ల మీద ఉన్న ఒక ప్రశ్నను ముందుకు తెస్తున్నాను. ముప్పై అయిదేళ్ల వయసున్న ఒక కార్మికుడికి మోకాలి గాయం వల్ల శాశ్వత పాక్షిక వైకల్యం ఏర్పడింది. నెలనెలా కొంత చెల్లింపు కొనసాగించడమా, లేక ఒకేసారి పెద్ద మొత్తం తీసుకుని వ్యవహారం ముగించడమా అని బీమా పక్షం అడుగుతున్నది. గాయం తరువాత చేసిన అప్పు మీద వడ్డీ పెరుగుతున్నది కాబట్టి అతను పెద్ద మొత్తం వైపు మొగ్గుతున్నాడు. అతనికి ఏం చెప్పాలి?

షిఫ్టు ఇన్‌చార్జి

అప్పు వడ్డీ నెలసరి చెల్లింపు కంటే ఎక్కువగా ఉంటే పెద్ద మొత్తం తీసుకోవడమే తెలివైన పని. నెలనెలా వచ్చే చిన్న సొమ్ము కోసం పదేళ్లు ఒక కార్యాలయం చుట్టూ తిరగడం కూడా ఖర్చే.

గడప లోపల

మాకు ఒకేసారి వచ్చింది. ఏడాదిన్నరలో అప్పులకు, బంధువుల అవసరాలకు, ఆయన తమ్ముడు పెడతానన్న దుకాణానికి పోయింది. నెలనెలా వచ్చి ఉంటే ఎవరూ అడిగేవారు కాదు. ఇంట్లో డబ్బు ఉందని అందరికీ తెలిసినప్పుడు కాదనడం ఎంత కష్టమో ఇక్కడ రాయలేను.

వకాల్తా

1925 ఒప్పందం రాసినవారికి గడప లోపల గారి అనుభవం తెలిసినట్టుంది. శాశ్వత వైకల్యానికీ, మరణానికీ పరిహారం నియమిత కాలాలలో చెల్లించాలని, ఆ సొమ్ము సరిగ్గా వినియోగం అవుతుందని అధికారికి నమ్మకం కలిగితేనే ఒకేసారి ఇవ్వవచ్చని అయిదో అధికరణం చెబుతుంది. అయినా ఇన్‌చార్జి గారి మాటను కొట్టిపారేయను. వడ్డీ భారం నిజం.

జమాఖర్చు గారూ, ఆ ప్రతిపాదనలో మొదట చూడవలసినది అంకె కాదు. భవిష్యత్తు చికిత్సను కూడా వదులుకుంటున్నట్టు ఏదైనా వాక్యం ఉందేమో వెతకండి. ముప్పై అయిదేళ్ల వయసులో దెబ్బతిన్న మోకాలిలో కీలు అరుగుదల రావడానికీ, తరువాత కీలు మార్పిడి అవసరం కావడానికీ అవకాశం ఎక్కువ. ఆ శస్త్రచికిత్స ఖర్చు అతని నెత్తిన పడితే ఈ రోజు తీసుకున్న మొత్తం అందులోనే పోవచ్చు. రెండోది, గాయం ముదిరితే కేసును తిరిగి తెరిచే హక్కు ఉందా, ఉంటే ఎంతకాలంలోపు అన్నది. మూడోది, నెలసరి చెల్లింపు ధరలతో పాటు పెరుగుతుందా అన్నది. పెరగకపోతే ఇరవై ఏళ్లకు దాని విలువ చాలా కరిగిపోతుంది, అప్పుడు ఇన్‌చార్జి గారి వాదనకు బలం వస్తుంది. 121వ ఒప్పందం దీర్ఘకాలపు చెల్లింపులను జీవన వ్యయం, సాధారణ వేతనాల మార్పును బట్టి సమీక్షించాలని చెబుతుంది గాని, అన్ని చట్టాలూ దానిని పాటించవు. పెద్ద మొత్తాన్ని లెక్క కట్టేటప్పుడు భవిష్యత్తు చెల్లింపులను ఈ రోజు విలువకు తేవడానికి ఎంత వడ్డీ రేటుతో తగ్గించారో రాతపూర్వకంగా అడగండి. ఆ రేటు ఒక్క శాతం పెంచితే కార్మికుడి చేతికి వచ్చేది ఎంత తగ్గుతుందో మీరే వేసి చూడగలరు.

చాలా చోట్ల మధ్య మార్గం దొరుకుతుంది: అప్పు తీర్చడానికి సరిపడా భాగాన్ని ఒకేసారి తీసుకుని, మిగిలినది నెలసరిగా ఉంచడం. అడగనిదే ఎవరూ దానిని ఇవ్వజూపరు.

లేత్ మనిషి

ఆ కార్మికుడిని సంతకం పెట్టే ముందు తన పాత పనిని ఒక రోజు పూర్తిగా చేసి చూడమనండి. మెట్లు ఎక్కడం, ఒంగడం, షిఫ్టు చివరి రెండు గంటలు నిలబడడం. పరీక్ష గదిలో బాగానే వంగిన మోకాలు ఎనిమిది గంటల తరువాత ఎలా ఉంటుందో వైద్యుడు చూడలేదు. నా శాతం రాసిన రోజున నన్ను ఒక పెన్ను పట్టుకోమన్నారు, పట్టుకున్నాను.

చేతి కసరత్తు

దీనికి పద్ధతి ప్రకారం చేసే పరీక్షే ఉంది. ఎత్తడం, మోయడం, నిలబడడం, మెట్లు ఎక్కడం వంటివి కొన్ని గంటల పాటు చేయించి పని సామర్థ్యాన్ని కొలిచి నివేదిక ఇస్తారు. కోలుకుంటున్న మోకాలితో సొంతంగా పూర్తి షిఫ్టు చేసి చూడడం కంటే, చికిత్స చేసిన వైద్యుడి చేత ఆ పరీక్షకు రాయించుకోవడం క్షేమం.

జమాఖర్చు

ప్రతిపాదన కాగితం మళ్లీ చదివాను. భవిష్యత్తు చికిత్సను వదులుకునే వాక్యం రెండో పేజీలో, చిరునామా మార్పు గురించిన పేరా చివర ఉంది. దానిని తొలగించాలనీ, తగ్గింపు రేటు తెలియజేయాలనీ, అప్పుకు సరిపడా భాగాన్ని మాత్రమే ఒకేసారి ఇవ్వాలనీ కోరుతూ లేఖ తయారుచేశాను. పని సామర్థ్య పరీక్ష నివేదిక వచ్చాక దానిని జతచేసి పంపుతాం. అతను అంతవరకు సంతకం పెట్టనని చెప్పాడు.